న్యాయ సలహా: స్నేహితుని చేతుల మీదుగా పెళ్లి

ప్రశ్న: నేను హిందువును. నేను పెళ్లాడబోయే అబ్బాయిది మంగళగిరిలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఇరువైపులా పెద్దలు ఒప్పుకున్నారు గానీ, పంతులుగారిని పిలవాలా, పాస్టరుగారిని పిలవాలా అన్న దగ్గర మాట తెగడం లేదు. అమెరికాలో మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్లిని అతని స్నేహితుడే జరిపించి, కాగితాల మీద సంతకం కూడా చేశాడు. మా ఇద్దరికీ చదువుకునే రోజుల నుంచి ఆప్తుడైన మిత్రుడు ఒకరున్నారు. ఆయన చేతుల మీదుగా తాడేపల్లిలోని ఒక ఫంక్షన్ హాలులో పెళ్లి చేసుకుంటే చట్టప్రకారం చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మిత్రుడు ఒక్కరే జరిపిస్తే చెల్లదు. అయితే చట్టం నిర్దేశించిన అధికారి సమక్షంలో, ఆ వేదిక మీదనే, వేడుకను ఆయన నడిపించడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. ఈ తేడాను ఇరు కుటుంబాల వారూ ముందుగానే అర్థం చేసుకోవాలని కోరుతున్నాను.

అమెరికాలో వివాహ చట్టాలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. చాలా రాష్ట్రాలలో మత సంస్థ నుంచి గుర్తింపు పొందిన వ్యక్తికి పెళ్లి జరిపించే అధికారం ఉండడం వల్ల, కాలిఫోర్నియాకు చెందిన యూనివర్సల్ లైఫ్ చర్చి వంటి సంస్థలు ఆన్‌లైన్‌లో ఇచ్చే గుర్తింపుతో స్నేహితులు ఆ పని చేయగలుగుతున్నారు. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేదు. పైగా మీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. వధూవరులలో ఒక్కరు క్రైస్తవులైనా సరే, అధికారం లేని వ్యక్తి ఆ వివాహాన్ని జరిపిస్తే, 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టంలోని 68వ సెక్షన్ ప్రకారం అది నేరం, దానికి పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మీ మేలు కోరి ముందుకు వచ్చిన మిత్రుణ్ణి తెలియక అటువంటి చిక్కులో పడవేయకూడదు.

మీకు సరిపోయే మార్గం 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దీని కింద ఎవరూ మతం మార్చుకోనక్కరలేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండి, మీలో ఒకరైనా నోటీసు ఇచ్చే ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉంటే, ఆ జిల్లా మ్యారేజ్ ఆఫీసరుకు నోటీసు ఇవ్వవచ్చు. మన రాష్ట్రంలో సబ్ రిజిస్ట్రార్లే ఈ బాధ్యత నిర్వహిస్తారు. నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటిస్తారు. మీలో ఎవరి శాశ్వత నివాసమైనా వేరే జిల్లాలో ఉంటే, అక్కడి అధికారికి కూడా ప్రతిని పంపుతారు. ముప్పై రోజులలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు గానీ, అది వయసు, ఇదివరకటి పెళ్లి, నిషిద్ధ బంధుత్వం (పెళ్లి చేసుకోకూడని దగ్గరి చుట్టరికం) వంటి చట్టపరమైన షరతులకు సంబంధించినదై ఉండాలి. పెళ్లి ఇష్టం లేదనో, మతం వేరనో ఒక బంధువు వచ్చి పెట్టే ఫిర్యాదు చెల్లదు. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలలలోగా పెళ్లి జరగకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి, ముహూర్తాన్ని, హాలు బుకింగును ఈ గడువులతో సరిచూసుకోండి.

ఈ చట్టంలోని 12వ సెక్షన్ మీ కోరికకు చాలా అనుకూలంగా ఉంది. పెళ్లి మ్యారేజ్ ఆఫీసరు కార్యాలయంలోనే జరగాలన్న నియమం లేదు. అదనపు రుసుము చెల్లిస్తే, అక్కడి నుంచి తగినంత దూరంలో మీరు కోరిన చోటికి ఆయన రావచ్చు. పెళ్లి ఏ పద్ధతిలో జరగాలన్నది కూడా మీ ఇష్టమే. అయితే ఆ అధికారి, ముగ్గురు సాక్షులు వింటుండగా, మీకు అర్థమయ్యే భాషలో మీరిద్దరూ ఒకరికొకరు, ‘ఫలానా అను నేను, ఫలానా అను నిన్ను నా చట్టబద్ధమైన భర్తగా’, అబ్బాయి వంతు వచ్చినప్పుడు ‘భార్యగా’, ‘స్వీకరిస్తున్నాను’ అని పలకాలి. ఈ మాటలు లేకుండా ఎన్ని దండలు మార్చుకున్నా, ఎంతమంది అక్షింతలు వేసినా ఈ చట్టం కింద పెళ్లి పూర్తి కాదు. కనుక ముందు ఈ మాటలు, సంతకాలు పూర్తి చేసి, ఆ తరువాత మీ మిత్రునికి మైకు అప్పగించడం మేలని నా అభిప్రాయం. ఆయన మీ పరిచయం గురించి చెప్పవచ్చు, ప్రమాణాలు చేయించవచ్చు, ఇరువైపుల పెద్దలను వేదిక మీదికి పిలవవచ్చు. ముగ్గురు సాక్షులలో ఒకరుగా కూడా ఆయననే ఉంచితే, మీ వివాహ ధ్రువపత్రంలో మీ సంతకాలతో పాటు ఆయన సంతకం కూడా శాశ్వతంగా ఉంటుంది.

వేదిక గురించి ఒక మాట. ప్రకాశం బ్యారేజీ దాటితే జిల్లా మారుతుంది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోనిది, తాడేపల్లి, మంగళగిరి గుంటూరు జిల్లాలోనివి. మీరు విజయవాడలో నోటీసు ఇచ్చి, అక్కడి అధికారిని నది అవతలికి రమ్మంటే పరిధి సమస్య ఎదురవుతుంది. అబ్బాయి నివాసం మంగళగిరిలోనే ఉన్నట్లయితే, ఆయన చిరునామా ఆధారంగా ఆ వైపునే నోటీసు ఇచ్చి, హాలుకు అడ్వాన్సు కట్టక ముందే అధికారి రాక గురించి అక్కడి కార్యాలయంలో మాట్లాడుకోండి.

ప్రశ్న: మా తాతగారిది స్టేజి పెళ్లి. పెద్దమనుషులు మాట్లాడారు, దండలు మార్చుకున్నారు, అంతే. నేను కూడా అలాగే చేసుకోవాలనుకున్నాను గానీ, అమ్మాయి తరఫువారు సప్తపది ఉండాలంటున్నారు. ఇద్దరమూ హిందువులమే. సంస్కృతం చదువుకున్న మా స్నేహితురాలు మంత్రాలు చెప్పి పెళ్లి జరిపిస్తానంటున్నారు. రిజిస్ట్రేషనుకు ఇబ్బంది వస్తుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ స్నేహితురాలు నిస్సందేహంగా జరిపించవచ్చు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ వధూవరులలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి తంతు జరగాలని చెబుతుందే తప్ప, దానిని జరిపించేవారు ఏ కులస్థులై ఉండాలో, పురుషులో స్త్రీలో చెప్పదు. సప్తపది ఆచారంగా ఉన్నచోట, అగ్ని సాక్షిగా ఏడవ అడుగు పడగానే వివాహం సంపూర్ణమవుతుంది. తెనాలి వారికి ఇది కొత్త సంగతి కాదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు వివాహ విధిని తెలుగులో కూర్చి, పురోహితుల ప్రమేయం లేని పెళ్లిళ్లను ప్రచారం చేసినది మీ ఊరి నుంచే.

దండలు మాత్రమే మార్చుకునే పెళ్లి విషయం వేరు. తమిళనాడులో హిందూ వివాహ చట్టానికి 1967లో చేర్చిన 7ఎ సెక్షన్ ప్రకారం బంధుమిత్రుల సమక్షంలో దండలు మార్చుకున్నా, ఉంగరాలు తొడుక్కున్నా, తాళి కట్టినా పెళ్లి చెల్లుతుంది. ఆ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌కు వర్తించదు. అభ్యుదయ వివాహాలకు ఇంతటి పేరున్న మన ప్రాంతంలో అటువంటి సవరణ లేకపోవడం నాకు బాధ కలిగించే విషయం, అది రావాలని మనసారా కోరుకుంటున్నాను. అంతవరకు దండల పెళ్లి చేసుకునేవారు ప్రత్యేక వివాహ చట్టం కింద కూడా పెళ్లి చేసుకోవడమే క్షేమం. తాతగారి పెళ్లి గురించి బెంగపడకండి. దీర్ఘకాలం కలిసి కాపురం చేసిన జంటను, వేరే రుజువు లేనంతవరకు, కోర్టులు భార్యాభర్తలుగానే పరిగణిస్తాయి.

మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం వివాహ నమోదును తప్పనిసరి చేసింది. అయినా తంతు జరగకుండా కేవలం సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాబోదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది. అందువల్ల హోమం, సప్తపది స్పష్టంగా కనిపించే ఫొటోలు తీయించి, శుభలేఖతో పాటు భద్రపరచండి. వరుసగా ఏడు అడుగులూ కనిపించేలా వీడియో ఉంటే మరీ మంచిది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి, ఆన్‌లైన్‌లో గుర్తింపు పొందిన స్నేహితునితో అక్కడే పెళ్లి జరిపించుకుంటున్నాడు. అది ఇండియాలో చెల్లుతుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పెళ్లి జరిగే పద్ధతి విషయంలో, అది జరిగిన చోటి చట్టానికి మన కోర్టులు సాధారణంగా విలువనిస్తాయి. వయసు, ఇదివరకటి పెళ్లి వంటి అర్హతలను మాత్రం వారి వారి వ్యక్తిగత చట్టాన్ని బట్టి చూస్తాయి. కనుక అక్కడి రాష్ట్రం ఆ స్నేహితుని అధికారాన్ని ఒప్పుకుంటుందో లేదో మీ అబ్బాయి పెళ్లి లైసెన్సు (పెళ్లికి ముందు తీసుకునే అనుమతి పత్రం) తీసుకునేటప్పుడే, దానిని ఇచ్చే కౌంటీ క్లర్కు కార్యాలయంలో కనుక్కోవాలి. అన్ని రాష్ట్రాలలో ఒకే నియమం లేదు. ఉదాహరణకు, ఆన్‌లైన్ గుర్తింపు ఉన్నవారు పెళ్లి జరిపించకూడదని టెన్నెసీ 2019లో చట్టం చేసింది. పెళ్లి అయ్యాక ధ్రువపత్రం సర్టిఫైడ్ కాపీ తీసుకుని, దానికి ఆ రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని ఇతర దేశాలలో చూపడానికి ఇచ్చే ధ్రువీకరణ) వేయించి ఒక ప్రతి మీకు పంపమనండి. ఇక్కడి కార్యాలయాలలో ఎప్పుడైనా చూపవలసి వస్తే అదే అక్కరకు వస్తుంది.