మన్యం మోయగలిగినంత మందే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, లంబసింగి, వంజంగి ప్రాంతాలకు చలికాలంలో పెరుగుతున్న రద్దీ గురించి ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఉత్తరం రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న (పాడేరు సమీపంలోని ఒక గ్రామం నుంచి ఒక యువకుడు): వంజంగి కొండ మీద నుంచి మేఘాలు చూడటానికి శని, ఆదివారాల్లో వచ్చే జనంతో మా దారంతా నిండిపోతోంది. మేము ఆరుగురం కలిసి గుడారాలు అద్దెకిస్తూ, టీ, నూడుల్స్ అమ్ముతున్నాం. నాలుగు డబ్బులు మిగులుతున్నాయి గాని, ఊరి పెద్దలు కొండ పాడైపోతోందని కోప్పడుతున్నారు. మానెయ్యకుండా బాగుచేసుకునే దారి ఉందా? ఎందరు వస్తే కొండ తట్టుకుంటుందో ఎలా తెలుస్తుంది?

జవాబు: తెలుసుకోవచ్చు, అందుకు పట్నం నుంచి నిపుణులు రానక్కర్లేదు. ఎన్ని గుడారాలకు చోటుందన్న లెక్కతో మాత్రం మొదలుపెట్టకండి, ఎందుకంటే చోటు ఎప్పుడూ ఉన్నట్టే కనిపిస్తుంది. మీ ఊరి ఊటతో మొదలుపెట్టండి. ఏప్రిల్ నెలలో ఒక తెల్లవారుజామున ఊట గొట్టం కింద పదిహేను లీటర్ల బకెట్ పెట్టి, అది నిండటానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. మాటవరసకు 90 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే నిమిషానికి 10 లీటర్లు, రోజుకు 14,400 లీటర్లు. గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లన్నది జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న ప్రమాణం కాబట్టి, ఊళ్ళో 200 మంది ఉంటే వాళ్ళకే 11,000 లీటర్లు పోతాయి. మిగిలిన 3,400 లీటర్లను పట్నంలో వాడే లెక్కన, అంటే మనిషికి 135 లీటర్ల చొప్పున పంచితే, పాతిక మందికి సరిపోతాయి. పశువులు తాగే నీటిని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

పర్యాటకులు వచ్చేది డిసెంబరులో కదా, ఏప్రిల్ లెక్క ఎందుకని మీరు అడగవచ్చు. గది కట్టి, గీజరు బిగించి, ఊట దగ్గర మోటారు పెట్టిన యజమాని ఆ గదిని వేసవిలో కూడా నింపాలనే చూస్తాడు గనుక, ఊట బాగా సన్నగిల్లినప్పుడు వచ్చే కొలతనే నమ్ముకోవాలి. రాత్రి గుడారంలో పడుకుని తెల్లవారాక దిగిపోయే మనిషి రెండు చెంబుల నీళ్ళతో సరిపెట్టుకుంటాడు. గదిలో దిగినవాడు అలా సరిపెట్టుకోడు. అందువల్ల మీ ఆరుగురి గుడారాల కంటే, రేపు మీ పక్కన లేవబోయే నలభై పడకల లాడ్జి గురించే మీ పెద్దలు ఎక్కువగా బెంగపడాలి. ఆ లాడ్జి ఒక్కటే రోజుకు 5,400 లీటర్లు తాగేస్తుంది, అంటే దాదాపు వంద మంది గ్రామస్థుల వాటా.

తర్వాత చూడవలసినది మరుగుదొడ్డి. మేఘాల కోసం వచ్చే జనమంతా తెల్లవారుజామున నాలుగింటికీ ఏడింటికీ మధ్యనే కొండ ఎక్కుతారు, ఆ మూడు గంటల్లో అంతమందికీ కాలకృత్యాలు తీర్చుకునే చోటు లేకపోతే ఏం జరుగుతుందో మీరు నాకంటే బాగా చూసి ఉంటారు. రెండు గుంతల మరుగుదొడ్డి మీకు సరిపోతుంది; ఒక గుంత నిండాక మూసేసి ఒకటి రెండేళ్ళు వదిలేస్తే అది ఎరువవుతుంది, ఈలోగా రెండోది వాడుకోవచ్చు. అయితే ఊటకు ఎగువన మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తవ్వవద్దు. చూడటానికి బాగుంటుందని ఎత్తయిన చోట కట్టాలనుకునేవారు ఉంటారు. వాళ్ళ మాట వినకండి.

ఇక చెత్త. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కప్పులు, పళ్ళాలు, చెంచాలు ఉన్నాయి గాని నీళ్ళ సీసా లేదు, చిప్సు పొట్లం లేదు. కొండ మీద ఎక్కువగా కనిపించేవి మాత్రం ఈ రెండే. ఈ విషయంలో నీలగిరుల్లో మద్యం సీసాలకు చేసిన ఏర్పాటు మీకు పనికొస్తుంది. అక్కడి ప్రభుత్వ దుకాణాలు 2022 నుంచి ఒక్కో సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిచ్చినవారికి తిరిగి ఇస్తున్నాయి. మీరు కూడా కొండ కింద ప్రతి బృందం దగ్గరా కొంత సొమ్ము తీసుకుని, వాళ్ళు పైకి తీసుకువెళుతున్న సీసాలు, పొట్లాలు లెక్కపెట్టి చీటీ రాసి ఇవ్వండి. దిగి వచ్చేటప్పుడు లెక్క సరిపోతే సొమ్ము తిరిగి ఇచ్చేయండి. తేకుండా పోయినవాడి సొమ్ము ఏరేవాళ్ళ కూలికి వస్తుంది. పగిలిన బీరు సీసా విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది ఎవరి కాళ్ళలో దిగుతుందో మీకు తెలుసు: ఉదయాన్నే అదే దారిలో కట్టెల కోసం చెప్పుల్లేకుండా నడిచే మీ ఊరి ఆడవాళ్ళ కాళ్ళలో. మద్యంతో వచ్చేవారిని కిందే ఆపేయాలని ఊరంతా కలిసి తీర్మానించవచ్చు.

రద్దీ తగ్గాలంటే రుసుము పెంచేయమని కొందరు సలహా ఇస్తారు. నాకది అంతగా నచ్చదు. రుసుము పెంచితే పిల్లలను తీసుకుని బస్సులో వచ్చే గుమాస్తా ఆగిపోతాడు గాని, పెద్ద కార్లలో పాటలు పెట్టుకుని వచ్చే కుర్రకారు ఆగరు. సంఖ్యకే హద్దు పెట్టడం మేలు. ఊటీలో 2024 మే 7 నుంచి ఈ-పాస్ లేనిదే బయటి వాహనాలను రానివ్వడం లేదు. మరుసటి ఏడాది వేసవి రద్దీకి మద్రాసు హైకోర్టు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకు మించకూడదని హద్దు కూడా పెట్టింది. స్థానికుల వాహనాలకూ ప్రభుత్వ బస్సులకూ అందులో మినహాయింపు ఇచ్చారు. మీ ఊళ్ళో కొండ కింద బండ్లు నిలిపే చోట టోకెన్లు ఇస్తే అదే పని జరుగుతుంది. మీ మన్యం వంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు ఉన్న బలాన్ని 1996 నాటి పెసా చట్టం గుర్తించింది కాబట్టి, ముందు గ్రామసభలో తీర్మానం చేయించుకుని, అటవీ శాఖకూ మండల అధికారులకూ ఆ కాగితం ఇచ్చి అడగండి. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితులు అటవీ శాఖతో కలిసి విడిదులు నడుపుతున్నాయి. ఒకసారి వెళ్ళి, వాళ్ళు డబ్బు లెక్క ఎలా రాస్తున్నారో చూసి రండి. ఇటువంటి సంఘాలు కొండ పాడై మూతపడటం కంటే, లెక్కల దగ్గర గొడవపడి మూతపడటమే ఎక్కువ.

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక ఉపాధ్యాయురాలు): పిల్లలను బొర్రా గుహలకు తీసుకువెళ్ళాను. రంగురంగుల దీపాలు చూసి మురిసిపోయారు, రాళ్ళను తాకి చూశారు. వీటివల్ల గుహకు నష్టమేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. సున్నపురాతిలో నీరు చొరబడి, కరిగించుకున్న సున్నాన్ని బొట్టుబొట్టుగా వదిలితే ఏర్పడిన ఆకారాలు అవి. ఒక్క సెంటీమీటరు పెరగడానికి వంద సంవత్సరాల పైచిలుకు పట్టడం మామూలే. వేలి జిడ్డు అంటుకున్న చోట నీటిబొట్టు మునుపటిలా పరుచుకోదు, ఆ భాగం మసకబారి పెరుగుదల కుంటుపడుతుంది. దీపాల సంగతి మరీ ముఖ్యం. చీకటిలో బతకలేని పాచి, నాచు దీపం వెలుతురు పడిన చోట మొలిచి రాతికి పచ్చగా పట్టుకుంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు దీపపు బుడ్డి చుట్టూ పరికించి చూడమని పిల్లలకు చెప్పండి. జనం ఊపిరితో పెరిగే బొగ్గుపులుసు వాయువు, తేమ కూడా సున్నపురాతికి మంచివి కావు. ఫ్రాన్సులోని లాస్కో గుహను 1948లో సందర్శకులకు తెరిచి, ఊపిరి వల్లా పాచి వల్లా గోడల మీది ప్రాచీన చిత్రాలు చెడిపోతున్నాయని 1963లో మూసేశారు. బొర్రాను మూయనక్కర్లేదు గాని, మనిషి వచ్చినప్పుడు వెలిగి, వెళ్ళగానే ఆరిపోయే చల్లని దీపాలు పెట్టి, గంటకు ఇంతమందేనని లోపలికి పంపడం కష్టమైన పనేమీ కాదు.

ప్రశ్న (అమెరికా, డాలస్ నుంచి ఒక పాఠకుడు): అరకు దగ్గర రెండెకరాలు కొని, మట్టి ఇళ్ళతో, సౌర విద్యుత్తుతో పర్యావరణానికి హాని చేయని రిసార్ట్ కట్టాలని ఉంది. ఎవరిని సంప్రదించాలి?

జవాబు: మీరు గిరిజనులు కాకపోతే ఎవరినీ సంప్రదించనక్కర్లేదు, ఎందుకంటే మీరు ఆ భూమి కొనలేరు. 1/70 చట్టమని అందరూ పిలిచే నిబంధన ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. గిరిజనేతరుడే అమ్ముతానన్నా చెల్లదు. బొర్రా ప్రాంతంలోని గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రక్షణను మరింత గట్టిపరిచింది. వేరొకరి పేరున కొనిపెడతామని చెప్పే మధ్యవర్తులు తగులుతారు, వాళ్ళకు దూరంగా ఉండండి. ఆ కొండలకు నిజంగా మేలు చేయాలనుంటే, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీని గిరిజన రైతుల నుంచి సరైన ధరకు కొనేవారి దగ్గర కొనండి. ఆ కాఫీ పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది కాబట్టి, తోట నిలిస్తే చెట్టూ నిలుస్తుంది.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): బొంగులో చికెన్ తినడం అడవికి చేటని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఇంట్లో పండగకు రెండు బొంగులు కాల్చుకున్నప్పుడు లేని ఇబ్బంది, రోడ్డు పక్కన రోజూ వందల్లో కాల్చేటప్పుడు వస్తుంది. మాడిపోకుండా ఉండాలంటే పచ్చి బొంగే కావాలి, ఒకసారి కాల్చిన బొంగు మళ్ళీ పనికిరాదు. వెదురు ఒక్క వానాకాలంలోనే పూర్తి ఎత్తు పెరుగుతుంది గాని, ముదరడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. దారికి దగ్గరగా ఉన్న పొదల్లో లేత బొంగులను ఏటా నరికేస్తూ పోతే దుబ్బు నీరసించిపోతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి దాని మీద హక్కు అడవిబిడ్డలకే ఇచ్చింది కనుక, ఏ పొదను ఏ ఏడాది కొట్టాలో గ్రామసభే వంతులు వేసుకోవచ్చు, దుకాణదారులు తమ గట్ల మీద వెదురు నాటుకోవచ్చు. మీరు తినండి, తినేముందు బొంగు ఎక్కడిదని మాత్రం అడగండి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక గృహిణి): డిసెంబరులో మా కుటుంబం పన్నెండు మందిమి అరకు వెళుతున్నాం. మావల్ల అక్కడివారికి ఇబ్బంది కలగకుండా ఏం చేయాలి?

జవాబు: విశాఖపట్నం నుంచి రైలులో వెళ్ళండి, మూడు కార్లు ఇంట్లోనే మిగిలిపోతాయి. పెద్ద క్యాను ఒకటి, స్టీలు గ్లాసులు పన్నెండు పట్టుకెళ్ళండి. ఖాళీ పొట్లాలు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి దగ్గర ఉంచుకుని, దాన్ని అక్కడి కుండీలో కుమ్మరించకుండా విజయవాడ దాకా తెచ్చుకోండి, ఎందుకంటే ఆ కుండీలో వేసింది కూడా చివరకు ఏదో ఒక వాగు పక్కనే కాలుతుంది. అక్కడి గిరిజనుల చేత థింసా నృత్యం ఆడించుకుంటే బేరం ఆడకుండా డబ్బులివ్వండి. వీలైతే ఆదివారం మాని మంగళవారం వెళ్ళండి. గది అద్దె కూడా తక్కువ ఉంటుంది.