జీపు మీంచి ప్యాటన్ ట్యాంకును కొట్టాడంటే నమ్మొచ్చా?

ప్రశ్న: 1965 యుద్ధంలో అబ్దుల్ హమీద్ అనే హవల్దార్ జీపులో వెళ్లి పాకిస్తాన్ ట్యాంకులు పేల్చేశాడని మా ఇంట్లో ఎప్పట్నుంచో చెప్పుకుంటాం. మొన్న మా మనవడు ‘తాతయ్యా, జీపెక్కడ, ట్యాంకెక్కడ’ అని నవ్వేశాడు. ఒకరు నాలుగంటారు, ఒకరు ఏడంటారు, వాట్సాప్‌లో ఎనిమిది దాకా వెళ్లింది. అసలు జరిగిందేమిటి?
– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: మీ మనవడికి వచ్చింది మంచి అనుమానమేనండీ. కాకపోతే ఆ జీపు మీద 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్ బిగించి ఉందన్న సంగతి వాడికి ఎవరూ చెప్పినట్టు లేరు. మామూలు ఫిరంగి పేలితే వెనక్కి తన్నుతుంది, ఆ తాపుకి జీపు నిలవదు. ఈ గన్‌లో మందు మండగా వచ్చిన వాయువులో కొంత భాగాన్ని గొట్టం వెనక నుంచి బయటికి వదిలేస్తారు. ముందుకెళ్లే గుండుకీ వెనక్కెళ్లే వాయువుకీ సరికి సరి అయిపోయి తాపు దాదాపు ఉండదు, అందుకే జీపు మీద పెట్టుకుని తిరగొచ్చు. చిక్కంతా ఆ వెనక నుంచి లేచే మంటా దుమ్మూతోనే. ఒక్కసారి పేల్చారంటే ‘నేనిక్కడున్నా’ అని శత్రువుని కేకేసి పిలిచినట్టే. జీపుకి ఉక్కు కవచం ఉండదు, లోపల కూర్చున్నవాళ్లకి ఒంటి మీద చొక్కా తప్ప అడ్డం లేదనుకోండి. కాబట్టి గుండు కొట్టిన మరుక్షణం చోటు మార్చెయ్యాలి. పైగా ట్యాంకుకి ఎదురుగా ఉక్కు దళసరిగా ఉంటుంది, పక్కన పల్చన, అంచేత పక్కకి చేరి కొట్టాలి. ఇదంతా ట్యాంకులు మీదికొస్తుండగా చెయ్యాలి.

1965 సెప్టెంబరు రెండో వారంలో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ వైపు నుంచి పాకిస్తాన్ ఆర్మర్డ్ డివిజన్ (ట్యాంకుల దళం) ప్యాటన్ ట్యాంకులతో చొచ్చుకొచ్చింది. అప్పట్లో ప్యాటన్ అంటే అమెరికా తయారీ, మన దగ్గరున్న షెర్మన్ ట్యాంకులు దాని ముందు పాతసరుకు. మనవాళ్లు కొంచెం వెనక్కి తగ్గి అసల్ ఉత్తర్ అనే ఊరి దగ్గర గుర్రపు నాడా ఆకారంలో కాపు కాశారు, కాలవ నీళ్లు పొలాల్లోకి వదిలేశారు, ఎత్తుగా పెరిగిన చెరకు తోటల్లో గన్‌లు దాచారు. నీళ్లు నిలిచిన చేలో ట్రాక్టరు దిగబడితే ఎలా ఉంటుందో మన డెల్టా రైతులకి చెప్పక్కర్లేదు, ఇక అన్నేసి టన్నుల ట్యాంకు సంగతి చూసుకోండి. అక్కడ 97 పాక్ ట్యాంకులు ధ్వంసమో స్వాధీనమో అయ్యాయని మన లెక్క.

సెప్టెంబరు 10 పొద్దున ఎనిమిదింటికి ప్యాటన్లు చీమా అనే ఊరి దగ్గరున్న 4వ గ్రెనేడియర్స్ బెటాలియన్ మీదికి వచ్చాయి. గంటలో ముందు వరస దాటేశాయి. హమీద్ పక్కనుంచి జీపు తీసుకెళ్లి ముందొస్తున్న ట్యాంకుని కొట్టాడు, చోటు మార్చి రెండోదాన్ని తగలబెట్టాడు, అప్పటికి మిగతావి ఆయన్ని పసిగట్టి మెషిన్ గన్లూ గుండ్లూ జీపు మీదే కురిపించాయి. ఇంకోదాని మీద కాలుస్తూ ఉండగా గుండు తగిలి పోయాడు. పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో ఉన్నది ఇదీ, ఇంతే. మిగతా అంకెలు ముందు రోజులవి కూడా కలిపి తర్వాతి రచనల్లో వచ్చినవి. పొగలో, ఒకే ట్యాంకు మీద నాలుగు గన్‌లు కాలుస్తున్నప్పుడు ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది ఏ యుద్ధంలోనూ తేలని తగువే. నేనైతే ప్రశంసాపత్రం దగ్గరే ఆగుతాను. ఆ రెండే ఎనిమిదికి సమానం అని మీ మనవడికి చెప్పకండి, లెక్కల్లో మార్కులు పోతాయి. గన్ ఎలా పనిచేస్తుందో చెప్పండి, నమ్ముతాడు.

ప్రశ్న: ఆయన టైలరని విన్నాను. మా నాన్నగారూ మిషన్ కుట్టేవారు, అందుకని అడుగుతున్నా. అలాగే ‘కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్’ అంటే ఏం ఉద్యోగం?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: నిజమేనమ్మా. ఉత్తరప్రదేశ్‌లో ఘాజీపూర్ జిల్లా ధాముపూర్ ఆయన ఊరు, 1933 జులై 1న పుట్టాడు. తండ్రి దర్జీ, కొడుకూ ఆయన పక్కనే కూర్చుని బట్టలు కుట్టాడు. 1954 డిసెంబరులో సిపాయిగా చేరాడు, అప్పటికి 21 ఏళ్లు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆయన బెటాలియన్ ఈశాన్య సరిహద్దులోని నామ్కా చూ నది వైపున్న 7వ బ్రిగేడ్‌లో ఉంది. ఆ బ్రిగేడ్ ఎంత చితికిపోయిందో చరిత్ర చదివినవాళ్లకి తెలుసు.

ఇక క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అంటే వందమందికి పైగా ఉండే కంపెనీకి రేషను, బట్టలు, బూట్లు, తూటాలు అందేలా చూసేవాడు. మన భాషలో చెప్పాలంటే స్టోరు తాళాలు ఆయన దగ్గరుంటాయి. మరి స్టోరు మనిషి గన్ దగ్గరికి ఎలా వచ్చాడంటే, అంతకుముందు కొన్నేళ్లు ఆయన పని ఆ రికాయిల్‌లెస్ గన్ మీదే, బెటాలియన్‌లో దాని మీద చెయ్యి తిరిగినవాళ్లలో ఒకడు. యుద్ధం మొదలయ్యేసరికి అలాంటివాళ్లు తక్కువపడ్డారు, హమీద్‌ని మళ్లీ గన్ దగ్గర పెట్టారు. ధైర్యం గురించి అందరూ రాస్తారు గానీ పనితనం గురించి ఎవరూ పెద్దగా రాయరు, నాకు మాత్రం ఆ పొద్దున చోటు మార్చి మార్చి కొట్టడంలో కనిపించేది అదే. మీ నాన్నగారు గుడ్డ చూడగానే ఎక్కడ కత్తిరించాలో చెప్పేసి ఉంటారు కదా, అలాంటిది.

ప్రశ్న: ఆయన కుటుంబం సంగతేమిటి? తెలుగువాళ్లకి ఈ యుద్ధంతో ఏదైనా సంబంధం ఉందా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చనిపోయేటప్పటికి 32 ఏళ్లు, భార్య రసూలన్ బీబీ, ఐదుగురు పిల్లలు. వారం తిరక్కముందే పరమవీర చక్ర ప్రకటించారు. 1966 జనవరి 26న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ఆమె అందుకున్నారు.

సంబంధం అంటారా, అసల్ ఉత్తర్‌లో షెర్మన్ ట్యాంకులతో పోరాడిన డెక్కన్ హార్స్ రెజిమెంట్ మూలాలు నిజాం కాలపు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఆ యుద్ధంలో పరమవీర చక్ర వచ్చింది ఇద్దరికే, రెండోవారు లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్. ఆయన సైనిక జీవితం మొదలైంది హైదరాబాద్ సంస్థానం సైన్యంలో. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ వైపు ట్యాంకులు నడిపించి సెప్టెంబరు 16న పోయారు.

హమీద్ సమాధి ధాముపూర్‌లో లేదు, అసల్ ఉత్తర్‌లోనే ఉంది. 2017లో రసూలన్ బీబీ పిలిస్తే అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ సెప్టెంబరు 10న ఘాజీపూర్ వెళ్లి ఆయనకి నివాళి అర్పించారు. రెండేళ్లకి, 2019 ఆగస్టులో ఆమె కన్నుమూశారు.