బంతి వస్తే మొహం తిప్పేసుకుంటున్నాడు

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. బంతి విసిరితే కళ్లు మూసుకుని మొహం తిప్పేస్తాడు, ఒంటికాలిపై నాలుగు గెంతులు కూడా వేయలేడు. తోటిపిల్లలు జట్టులో చేర్చుకోకపోవడంతో కిందికి దిగడమే మానేశాడు. బడిలో పీఈటీ సారు బద్ధకమంటున్నారు, మా అత్తగారు వయసొస్తే అదే వస్తుందంటున్నారు, మావారేమో క్రికెట్ అకాడమీలో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది బద్ధకంలా కనిపించడం లేదమ్మా. రాని పని నలుగురిలో చేసి నవ్వులపాలు కావడం కంటే ఇంట్లో కూర్చోవడమే మేలని మీవాడు తేల్చుకున్నట్టున్నాడు. అయిదారేళ్ల పిల్లలకు తమకెంత వచ్చో, ఎంత రాదో అంచనా ఉండదు కాబట్టి పడుతూ లేస్తూ ఆడుతూనే ఉంటారు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పక్కవాడితో పోల్చుకోవడం మొదలై, వెనకబడినవాళ్లు ఆటకు దూరమవుతారు; దూరమైనకొద్దీ ఇంకా వెనకబడతారు.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. నడక, పరుగు వయసుతోపాటు వస్తాయి గాని, ఒంటికాలి గెంతు, విసరడం, పట్టడం, తన్నడం వంటివి ఎవరో ఒకరు చేసి చూపిస్తే, పదేపదే చేస్తే తప్ప కుదురుకోవు. ఒకప్పుడు గల్లీలో తొక్కుడుబిళ్ల, చిర్రగోనె, లింగోచ్చ ఆడే పెద్దపిల్లల వెంట తిరిగితే ఈ నేర్పు దానంతటదే అబ్బేది. కార్లతో నిండిన సెల్లార్‌లో అది ఎక్కడ సాధ్యం? ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నా, మన నగరంలో అంతస్తుల మీదే నడిచే బడులను మీరూ చూసే ఉంటారు.

బంతి పట్టడం బెలూన్‌తో మొదలుపెట్టండి. అది నెమ్మదిగా దిగుతుంది కనుక చూపు దాని వెంటే సాగుతుంది, తగిలినా దెబ్బ ఉండదు. తర్వాత వాలీబాల్ అంత సైజున్న మెత్తటి బంతిని రెండు మీటర్ల దూరం నుంచి నేలకు ఒకసారి కొట్టి అందించండి. మోచేతులు కాస్త వంచి, ఛాతీకి హత్తుకోకుండా రెండు చేతులతో పట్టమనండి. ‘భయపడకు’ అంటే భయం పోదు. బంతిపై ఒక అంకె రాసి, అదేమిటో చెప్పమంటే కళ్లు తెరిచే ఉంచుతాడు. టెన్నిస్ బంతి జోలికి చివర్లో వెళ్లవచ్చు. ఒంటికాలి గెంతుకైతే ముందు గోడ పట్టుకుని ఒంటికాలిపై నిలబడటం, ఆపైన మీ చేయి పట్టుకుని గెంతడం. ఎవరూ చూడని చోట రోజూ పావుగంట చేయించండి.

అకాడమీ ఇప్పుడే వద్దంటాను. పట్టడమే రాని పిల్లవాణ్ని నెట్స్ దగ్గర వరుసలో నిలబెడితే, ఎక్కువసేపు తన వంతు కోసం ఎదురుచూడటమే మిగులుతుంది.

ఒక్క విషయం గమనించండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, బూటు లేసులు కట్టుకోవడం, రాత కూడా తోటివారికంటే బాగా కష్టమవుతుంటే పిల్లల వైద్యుడికి చూపించండి. కదలికల సమన్వయం కుదరని ఈ ఇబ్బంది బడి వయసు పిల్లల్లో సుమారు 5 నుంచి 6 శాతం మందిలో ఉంటుంది. తెలివితేటలకు దానితో సంబంధం లేదు, తగిన శిక్షణతో చాలావరకు మెరుగుపడుతుంది.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. వారానికి రెండు రోజులు కూచిపూడి క్లాసుకు వెళ్తోంది. వ్యాయామం సరిపోతుందా?

జవాబు: అడుగు నిలకడకు, లయకు కూచిపూడి ఎంతో మేలు చేస్తుంది గాని, అదొక్కటే చాలదు. 5 నుంచి 17 ఏళ్లవారు సగటున రోజుకు 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అదంతా ఒకేసారి కానక్కరలేదు. నాట్యంలో బంతిని విసరడం, పట్టడం ఉండవు కాబట్టి క్లాసు లేని రోజుల్లో అవి ఆడించండి, ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే గాని, సాయంత్రం ఎండ తగ్గాక గాని.