పొరుగువాళ్ల కోసం అచ్చేసిన పత్రిక

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా ప్రచార పత్రిక ‘ఎన్ గార్డియా’ గురించి బాగానే తవ్వావు. కానీ మూడో పేరాకే ‘పచ్చి అబద్ధాల పుట్ట’ అని తేల్చేశావు. తీర్పు ముందే చెప్పేస్తే ఇక సాక్ష్యాలు ఎవరు చదువుతారు?

నిజానికి అలాంటి పత్రికల్లో పచ్చి అబద్ధాలు మనం అనుకున్నంత ఉండవు. యుద్ధనౌకలు నిజమే, విమానాల ఫ్యాక్టరీలూ నిజమే. 1941 నుంచి 1945 దాకా అమెరికా ప్రభుత్వం దాన్ని స్పానిష్‌లోనూ, ‘ఎం గార్డా’ పేరుతో పోర్చుగీసులోనూ వేసి లాటిన్ అమెరికాకు పంపింది. ‘లైఫ్’ లాంటి పెద్ద సైజు, ఎక్కడ చూసినా ఫొటోలు. దాన్ని వేసిన ప్రభుత్వ ఆఫీసుకు పెద్ద నెల్సన్ రాక్‌ఫెల్లర్. 1940లో ఆ కుర్చీ ఎక్కేనాటికి 32 ఏళ్లవాడు. అంతకుముందు వెనిజులాలోని ఒక చమురు కంపెనీకి డైరెక్టర్‌గా చేశాడు. ఈ ఒక్క ముక్క నీ వ్యాసంలో లేదు, చేర్చు.

ఇంకోటి. అమెరికా ‘మంచి పొరుగువాడు’గా ఉంటుందని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అన్నది 1933 మార్చిలో. నికరాగ్వా నుంచి అమెరికా మెరైన్ సైనికులు వెళ్లిపోయింది అదే ఏడాది జనవరిలో. హైతీ నుంచి 1934లో. అంటే నికరాగ్వా రాజధాని మనాగ్వాలో ఈ పత్రిక తిరగేసినవాడు, పేజీలో కనిపించే ఆ సైన్యాన్ని ఎనిమిదేళ్ల కిందట తన వీధిలోనే చూసి ఉంటాడు. ఆ మనిషిని తెచ్చి నీ వ్యాసంలో కూర్చోబెట్టు. విశేషణాల అవసరమే ఉండదు. 1943 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో అమెరికా నావికులు మెక్సికన్-అమెరికన్ కుర్రాళ్లను వీధుల్లో పట్టుకుని కొట్టారు. ఆ రోజుల నాటి సంచిక సంపాదించు. అందులో ఏముందో రాసుకో, ఏం లేదో కూడా రాసుకో.

పత్రిక చదివినందుకే బ్రెజిల్ యుద్ధంలోకి దిగిందన్నట్టు రాశావే, అది కొట్టెయ్. జర్మన్ జలాంతర్గాములు వాళ్ల ఓడల్ని ముంచేశాక 1942 ఆగస్టులో దిగింది. అర్జెంటీనాకూ ఆ పత్రికే కదా వెళ్లింది, ఆ దేశం 1945 మార్చి దాకా యుద్ధం ప్రకటించలేదు.

అలాగని వీటి ప్రభావం సున్నా అనుకోకు. మా చిన్నప్పుడు సోవియట్ యూనియన్ వాళ్ల పత్రిక ‘సోవియట్ భూమి’ వచ్చేది. అది ప్రచ్ఛన్నయుద్ధం నాటి సంగతనుకో. ఆ నున్నటి కాగితం పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి భలే ఉండేది. ట్రాక్టర్ మీద నవ్వుతూ కూర్చున్న ఒకావిడ ఏడాదంతా నా లెక్కల పుస్తకం మీదే ఉంది. లోపల ఏం రాశారో మా ఇంట్లో ఒక్కరూ చదవలేదు. కానీ ఇప్పటికీ గోధుమచేను అనగానే నాకు పంజాబ్ గుర్తుకురాదు, ఆవిడే గుర్తొస్తుంది.

రెండో డ్రాఫ్ట్ తొందరేం లేదు, నిదానంగా పంపు. ఆ పుట్ట మాత్రం తీసేయ్.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య