లోతు బొగ్గు పొరలో గ్యాస్‌కు దారి తెరవడం: మేనల్లుడికి ఒక లేఖ

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఝరియా వైపు ఒక లోతు గనిలో బొగ్గు పొరను నియంత్రిత పేలుడుతో చీల్చి, తవ్వకం మొదలయ్యేలోపే మీథేన్‌ను లాగేసే పనికి నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. మన గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి బొగ్గు బావుల్లో పనిచేసినవాళ్లకు గ్యాస్ అంటే భయం ఉంటుంది గాని, దానితో రోజూ తలపడే అలవాటు తక్కువ. 2017 నాటి బొగ్గు గనుల నిబంధనల లెక్కలో టన్ను బొగ్గుకు 1 ఘనపు మీటరుకు మించి గ్యాస్ రాని గని మొదటి డిగ్రీది, 10 ఘనపు మీటర్లు దాటితే మూడో డిగ్రీది. మన బావులు ఎక్కువగా మొదటి కోవవి. నువ్వు దిగబోయేది మూడో కోవ గని కాబట్టి ఇక్కడి ధీమాను అక్కడికి మోసుకుపోవద్దు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం పేలుడు మందు పెట్టి బొగ్గును పేల్చే షాట్ల పనిలోనూ, ఆఖరి ఏళ్లు గ్యాస్ తీసే రంధ్రాల పనిలోనూ గడిచాయి గనుక, నాకు తోచినవి రాస్తున్నాను.

ముందుగా, గ్యాస్ ఎందుకు బయటికి రావడం లేదో తేల్చుకో. మీథేన్‌లో చాలా భాగం బొగ్గు పగుళ్లలో ఖాళీగా తిరుగుతూ ఉండదు; బొగ్గు లోపలి సూక్ష్మ రంధ్రాల గోడలకు అంటుకొని ఉంటుంది. చుట్టూ పీడనం తగ్గితేనే అది గోడను వదిలి, మెల్లగా క్లీట్ల (బొగ్గులో సహజంగా ఉండే సన్నని పగుళ్ల) దాకా చేరి, అక్కడి నుంచి రంధ్రంలోకి పారుతుంది. లోతుకు పోయేకొద్దీ పైనున్న రాతి బరువు వల్ల కలిగే ఒత్తిడి ప్రతి 100 మీటర్లకు దాదాపు 2.5 మెగాపాస్కల్ చొప్పున పెరుగుతుంది, అంటే 600 మీటర్ల దగ్గర 15 మెగాపాస్కల్. ఆ బరువుకు క్లీట్లు మూసుకుపోతాయి. కాబట్టి నీ రంధ్రం ఎంత పొడవున్నా, దాని చుట్టూ కొద్ది మేర గ్యాస్ వచ్చి ఆగిపోతుంది. అక్కడ కావలసింది దారి. పేలుడు చేసేది ఆ దారి తెరవడం ఒక్కటే. గ్యాస్‌ను లాగే పని ఆ తరువాత నెలల తరబడి పైపుది.

మందు పేలగానే రంధ్రం గోడను ఆనుకొని ఉన్న బొగ్గు పిండి అవుతుంది, దాని అవతల పగుళ్లు పుడతాయి, ఇంకా అవతల కదలిక తప్ప ఏమీ మిగలదు. మనకు పనికొచ్చేది మధ్య వలయం. బొగ్గు నొక్కుడును తట్టుకున్నంతగా లాగుడును తట్టుకోలేదు, పగుళ్లన్నీ ఆ బలహీనత మీదే పుడతాయి. అందుకే మందు రంధ్రానికి పక్కన, దానికి సమాంతరంగా, మందు పెట్టని ఖాళీ రంధ్రాన్ని వేస్తారు. పేలుడు తరంగం ఆ ఖాళీని తాకి వెనక్కి తిరిగేటప్పుడు లాగుడుగా మారి బొగ్గును చీలుస్తుంది. తరంగం వెనుకే వచ్చే వేడి వాయువులు ఆ చీలికలోకి దూరి దాన్ని పొడిగిస్తాయి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో రాయిని పలక పలకగా తీసేటప్పుడు వరసగా రంధ్రాలు వేస్తే చీలిక ఆ వరస పట్టుకొని పోవడం నువ్వు చూసే ఉంటావు, ఇక్కడ పనిచేసేదీ అదే సూత్రం. అయితే బొగ్గు గ్రానైట్ కాదు. దాని క్లీట్లు ఇంతకుముందే ఒక దిక్కును ఎంచుకొని ఉంటాయి, పొరలోని ఒత్తిడికి కూడా ఒక దిక్కు ఉంటుంది. ఆ రెండింటినీ కొలవకుండా కాగితం మీద సమాన దూరాల్లో చుక్కలు పెట్టి రంధ్రాలు వేయించే ఇంజనీరు మీద నాకు నమ్మకం ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువగా తేల్చవలసింది బొగ్గు గట్టిదనాన్ని. చైనాలో హువాయినాన్, పింగ్‌డింగ్‌షాన్ వంటి చోట్ల లోతు రంధ్రాల పేలుళ్లు చాలా కాలంగా చేస్తున్నారు, వాళ్ల పత్రాలు నీ ముందు పెడతారు. అందులోని మందు మోతాదును, రంధ్రాల దూరాన్ని యథాతథంగా ఎత్తుకోకు. చేత్తో నలిపితే పొడి అయ్యే మెత్తని బొగ్గులో మందు శక్తి అంతా పిండి చేయడానికే ఖర్చవుతుంది, ఆ పిండి చుట్టూ అణగి గట్టిపడి, అప్పటికే ఉన్న దారిని కూడా మూసేస్తుంది. పైగా మెత్తని బొగ్గులో రంధ్రం నిలవదు. డ్రిల్ రాడ్ బయటికి తీసిన కొంతసేపటికే కూలి, మందు సగం దాకా పోయి ఆగిపోతే, ముందుకు నెట్టలేక వెనక్కి లాగలేక నిలబడవలసి వస్తుంది. గనిలో అంతకన్నా ఇబ్బందికరమైన పరిస్థితి నాకు తెలిసి లేదు. అలాంటి పొర అయితే మందును బొగ్గులో కాకుండా పైకప్పు రాతిలోనో అడుగు రాతిలోనో పెట్టి, అక్కడి నుంచి పొరను సడలించే మార్గాన్ని అడుగు. పైకప్పును ఎంచుకుంటే మాత్రం సపోర్టుల వాళ్లతో ముందే కూర్చో. నువ్వు ఈ రోజు తెరిచిన చీలిక రేపు వాళ్ల రూఫ్ బోల్టు నెత్తిన ఉంటుంది.

మందు ఎక్కువ వేస్తే పగుళ్లు ఎక్కువ వస్తాయని మీ బృందంలో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒప్పుకోవద్దు. రంధ్రం కన్నా సన్నగా ఉండే కార్ట్రిడ్జి (మందు గొట్టం) వాడి, చుట్టూ కొంచెం గాలి ఖాళీ వదిలితే మొదటి దెబ్బ తగ్గి, పిండి వలయం చిన్నదై, పగుళ్ల వలయానికి శక్తి మిగులుతుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది కాబట్టి, మంటను చల్లార్చే ఉప్పు కలిపిన అనుమతి పొందిన మందునే, రాగి గొట్టపు డిటొనేటర్లనే వాడాలని నీకు తెలుసు. కాని బొగ్గు తవ్వే ముఖం దగ్గర పేల్చే మామూలు ఫేస్ షాట్ల కోసం గనికి ఉన్న అనుమతి ఈ పొడవాటి రంధ్రాలకు చాలదు. ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ నుంచి దీనికి ప్రత్యేకంగా రాతపూర్వక అనుమతి వచ్చి, దాని ప్రతి నీ చేతిలో పడేదాకా ఒక్క రంధ్రంలోనూ మందు పెట్టనివ్వకు. స్టెమ్మింగ్ (మందు పెట్టాక రంధ్రాన్ని మట్టితో కూరి మూసే పని) దగ్గర నువ్వు స్వయంగా నిలబడు. బంకమట్టి ముద్ద తడి చేతికి అంటకుండా, నొక్కితే చీలకుండా ఉండాలి. చెక్క కర్రతో ఒక్కో ముద్దను విడివిడిగా కూరుతూ పోవాలి. షిఫ్టు అయిపోతోందని మందు పేల్చే షాట్‌ఫైరర్ నాలుగు ముద్దలు ఒకేసారి తోసేస్తే మధ్యలో గాలి సందు ఉండిపోతుంది, పేలుడు వాయువు చీలికల్లోకి పోవడం మానేసి ఆ సందు వెంట గ్యాలరీలోకి (మనుషులు తిరిగే గని దారిలోకి) తన్నుకొస్తుంది.

ద్రవ కార్బన్ డయాక్సైడ్ గొట్టాల పద్ధతిని కూడా మీవాళ్లు చర్చిస్తూ ఉండవచ్చు. అది మంట లేనిది, దెబ్బ నిదానమైనది, మెత్తని బొగ్గుకు కొంత మేలు. కాని ఆ వాయువు బరువైనది. పల్లంలో నిలిచి మనిషికి ఊపిరి ఆడనివ్వదు కనుక గాలి ప్రవాహం తక్కువైన చోట దాన్ని ఒప్పుకోవద్దు.

పేల్చిన తరువాత తొందర వద్దు. ఒత్తిడి, గ్యాస్, మెత్తని బొగ్గు మూడూ కలిసిన చోట పేలుడు వల్ల అవుట్‌బర్స్ట్ (బొగ్గు, గ్యాస్ ఒక్కసారిగా బయటికి ఎగజిమ్మడం) రావచ్చు, అది పేలుడుతో పాటే రావాలన్న నియమం లేదు, ఆలస్యంగానూ వస్తుంది. మనుషులందరూ తాజా గాలి వచ్చే ఇన్‌టేక్ వైపున, దూరంగా ఉండాలి. నిర్ణయించిన సమయం గడిచాక కూడా ముందుగా మీటరు చూపే మీథేన్ శాతం చదివి, ఆ తరువాతే అడుగు వేయాలి. 1.25 శాతం దగ్గర కరెంటు తీసేయాలన్న నిబంధన విషయంలో ఎవరి మొహమాటమూ వద్దు, మేనేజరుదైనా సరే.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. చీలికలు తెరిచాక రంధ్రాలను లోపలి దాకా సీలు చేసి, పైపుకు కలిపి, పంపుతో లాగాలి. పేలుడు పగుళ్లు గ్యాలరీ దాకా వచ్చి ఉంటే పంపు ఆ పగుళ్ల ద్వారా గని గాలిని తాగుతుంది. ప్రవాహం పెరిగినట్టు కనిపిస్తూ మీథేన్ శాతం పడిపోతుంటే జరిగేది అదే. కొత్తవాళ్లు ఆ ప్రవాహం అంకె చూసి సంతోషపడతారు. పైపులో మీథేన్ 30 శాతానికి దిగితే ఆ రంధ్రాన్ని కట్టేసి సీలు మళ్లీ చేయించు. ఆ లోపలికి పోయే గాలితో ఇంకో నష్టం ఉంది: మన గోఫ్‌లలో (బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీల్లో) బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోవడం గురించి మీ నాన్న కూడా నీకు చెప్పి ఉంటాడు, పగిలిన బొగ్గుకు ఆక్సిజన్ అందితే అక్కడా అదే జరుగుతుంది, కాబట్టి పైపులో కార్బన్ మోనాక్సైడ్ కూడా కొలిపించు. రంధ్రాలను కొంచెం పైకి వాలుగా వేయించు, లేకపోతే నీళ్లు నిలిచి గ్యాస్‌కు అడ్డమవుతాయి.

పేల్చకముందు కనీసం పదిహేను రోజులు అన్ని రంధ్రాల ప్రవాహం, మీథేన్ శాతం, పొరలోని గ్యాస్ పీడనం రాసి పెట్టించు. మందు రంధ్రానికి వేర్వేరు దూరాల్లో కొలత రంధ్రాలు వేయిస్తేనే పగుళ్లు ఎంత దూరం పోయాయో తెలుస్తుంది. మొదటి వారం ప్రవాహం ఎగిరిపడటం సహజం, అది చూసి నివేదిక రాయవద్దని మీ బృందం పెద్దకు వినయంగానే చెప్పు. రెండో నెలలోనూ పాత అంకె కన్నా పైన నిలిచిందా లేదా అన్నదే చూడాలి. పక్కనే పేల్చని ఒక రంధ్రాల వరసను పోలిక కోసం అలాగే ఉంచమని అడుగు, ఖర్చు దండగ అంటారు, అయినా పట్టుబట్టు.

ఆ పదిహేను రోజుల అంకెలు, బొగ్గు గట్టిదనం పరీక్ష ఫలితం, రంధ్రాల పటం పంపు. పటంలో క్లీట్ల దిక్కును ఎర్ర గీతతో గుర్తించి పంపితే, ఖాళీ రంధ్రాలు ఎటువైపు ఉండాలో చూసి రాస్తాను.

మీ మామయ్య