లిఫ్ట్ చేసిన టకోమా: అమ్మ ఎక్కడానికి దారి

మీ టకోమా (టొయోటా పికప్ ట్రక్) ఎత్తు పెంచాక అమ్మగారు ఎలా ఎక్కాలి అని అడిగారు. 3 అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ మార్చి బండిని పైకి లేపడం), 31 నుంచి 33 అంగుళాలకు మార్చిన టైర్లు అన్నారు కదా, టైరు వ్యాసంలో పెరిగిన 2 అంగుళాల్లో సగమే ఎత్తుకి కలుస్తుంది, అంటే బండి మొత్తం 4 అంగుళాలు లేచింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నప్పుడు ఇది కష్టమే. రాక్ స్లైడర్లు (తలుపుల కింద బిగించే ఇనుప గొట్టాలు) రాళ్ల దెబ్బ కాయడానికే, మెట్టుగా మరీ ఎత్తు. వాటికి బదులు కిందికి వేలాడే డ్రాప్ స్టెప్ ఫ్రేమ్‌కి బిగించండి. పాదం ఆనే చోటు వెడల్పుగా, గరుకుగా ఉండాలి. గుండ్రటి పైపు మీద చెప్పులు జారతాయి. ట్రెయిల్‌కి (రాళ్ల దారికి) వెళ్లే ముందు ఆ మెట్టు విప్పేయండి, లేదంటే మొదటి బండకే వంగుతుంది.

మెట్టు ఒక్కటే చాలదండి, పట్టుకోవడానికి గట్టి హ్యాండిల్ ఉండాలి. ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు సీటు వైపు తిరిగి నొప్పి కాలు ముందు. చీరైతే కుచ్చిళ్లు జాగ్రత్త!