మేధో వైకల్యం ఉన్న చెల్లెలి దిగులు ప్రార్థనతో తగ్గుతుందా?

మీ చెల్లెలికి మేధో వైకల్యం ఉందని, నాన్నగారు పోయినప్పటి నుంచి ముభావంగా ఉంటోందని, ప్రార్థనకు తీసుకెళ్తే మనసు కుదుటపడుతుందా అని అడిగారు. మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, అంటే మేధో వైకల్యం కలిగించే, పుట్టుకతోనే ఉండే జన్యుపరమైన తేడా. వాడికైతే చాలా మేలు జరిగింది. దేవుడి గురించి మేం చెప్పిన మాటలకంటే, అక్కడ వాడికంటూ ఒక పని ఉండడం వల్లే ఎక్కువ.

మావాడికి చదవడం రాదు. అయినా ప్రార్థనకు ముందు పాటల పుస్తకాలు పంచేది వాడే. ఒక వారం వెళ్లకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. ఇంట్లోవాళ్లు, టీచర్లు, డాక్టర్లు కాకుండా వాడిని పేరుపెట్టి పిలిచే మనుషులు అక్కడే దొరికారు. ప్రతిసారీ అదే వరస, అవే పాటలు కాబట్టి తర్వాత ఏం జరుగుతుందో వాడికి తెలుసు. అందుకే టెన్షన్ పడడు.

అమ్మ పోయినప్పుడు "నిద్రపోయింది", "దేవుడి దగ్గరికి వెళ్లింది" అని మాత్రమే చెప్పి వదిలేయలేదు. అలా చెబితే నిద్రంటేనే భయం పట్టుకోవచ్చు, లేదా తిరిగొస్తుందని ఎదురుచూడొచ్చు. చనిపోయింది, ఇక రాదు అని మామూలు మాటల్లోనే చెప్పాం. తర్వాత ప్రార్థనలో అమ్మ ఫోటో పట్టుకుని, అందరి ముందూ అమ్మ పేరు చెప్పి ఏడ్చేవాడు. మాటల్లో చెప్పుకోలేని దుఃఖానికి అలా ఒక దారి దొరికింది.

అయితే మీ చెల్లెలి నిద్ర, తిండి మారినా, ఇష్టమైన పనులు మానేసినా డాక్టరుకు చూపించండి. "వీళ్లు ఇంతే" అంటే ఒప్పుకోవద్దు. డిప్రెషన్‌ను వైకల్యంలో భాగమే అనుకుని వదిలేయడం ఎక్కువగా జరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ లోపం కూడా ఎక్కువే. దానివల్లా మనిషి ఇలాగే డీలాపడిపోతాడు. రక్తపరీక్షలో తెలిసిపోతుంది. ప్రార్థన చేస్తున్నాం కదా అని మందులు మాత్రం ఆపకండి.

ఎవరైనా ఇది చేసుకున్న పాపమనో, నమ్మకం గట్టిగా ఉంటే వైకల్యం పోతుందనో అంటే, ఇక అక్కడికి తీసుకెళ్లకండి. ఆ మాటలు తనకు అర్థం కావనుకోవద్దు, మనసులో నాటుకుపోతాయి.

ముందు తనకు వెళ్లాలని ఉందో లేదో అడగండి. ఆ చోటు ఫోటోలు చూపించి అడిగితే సులువు. వద్దంటే బలవంతం చేయకండి. సరే అంటే, మొదట్లో జనం తక్కువగా ఉండే వేళ వెళ్లి, తలుపు దగ్గర కూర్చోండి. గోల ఎక్కువైతే తేలిగ్గా బయటికి రావచ్చు. తను చేయగలిగే చిన్న పని ఒకటి ఇవ్వమని అక్కడి పెద్దలతో ముందే మాట్లాడండి.